ఆకాశానికి కొలతలు – 7: సున్నా గుర్తు లేని కొలబద్ద

గత భాగంలో బెసెల్ 61 సిగ్ని నక్షత్రం దూరం తేల్చిన చోట ఆగాం. 1838లో ఆయన నెగ్గిన పద్ధతిలో ఊహాగానాలకు తావులేదు. ఆరు నెలల తేడాతో భూమి తన కక్ష్యలో ఈ కొస నుంచి ఆ కొసకు చేరుతుంది. అప్పుడు దగ్గరి నక్షత్రం, దూరపు నక్షత్రాల ముందు రవ్వంత జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరిగిన కోణం కొలిస్తే మిగిలింది త్రికోణమితి. ఇబ్బందల్లా ఆ కోణం దూరంతో పాటు కుంచించుకుపోవడమే. పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి ఈ దారిలో నమ్మదగ్గ దూరాలు తేలిన నక్షత్రాలు వందకు అటూ ఇటూ ఉంటే ఎక్కువ. పాలపుంత ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. ఆండ్రొమెడా రాశిలో, చలికాలం మొదట్లో చీకటి రాత్రి మామూలు కంటికి కూడా ఆనే ఆ మసక మచ్చ పాలపుంతలోని వాయుమేఘమా, లేక పాలపుంత లాంటిదే మరొకటా అన్నదీ తెలియదు.

కోణం కొలవలేని చోట మిగిలే ఆధారం వెలుగు. ఒక నక్షత్రం అసలు ఎంత వెలుగు విరజిమ్ముతుందో తెలిస్తే, మనదాకా ఎంత చేరిందో చూసి దూరం లెక్కకట్టవచ్చు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. లెక్క తేలికే. అయితే ఏ నక్షత్రం తన అసలు వెలుగెంతో మనకు చెబుతుంది?

చెప్పే జాతి ఒకటి ఉందని తెలియకముందే ఆ జాతి నక్షత్రాలు దొరికాయి. ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఎడ్వర్డ్ పిగాట్, జాన్ గుడ్‌రిక్ అని ఇద్దరు మిత్రులుండేవారు. గుడ్‌రిక్‌కు చిన్నప్పటి నుంచీ వినికిడి లేదు. 1784 సెప్టెంబరులో పిగాట్ ఈటా అక్విలే వెలుగు మారుతోందని గుర్తించాడు. మరుసటి నెలలో ఇరవయ్యేళ్ళ గుడ్‌రిక్ డెల్టా సెఫీ సంగతి పట్టుకున్నాడు. అది 5 రోజుల 9 గంటలకు కాస్త తక్కువ కాలంలో ఒక ఆవృత్తి పూర్తి చేస్తుంది. చురుగ్గా పుంజుకుంటుంది, నింపాదిగా తగ్గుతుంది. రెండేళ్ళు తిరక్కుండానే ఆ కుర్రాడు చనిపోయాడు. అతని నక్షత్రం పేరే ఆ జాతి మొత్తానికీ స్థిరపడింది: సెఫీడ్లు. డెల్టా సెఫీని మన డాబాల మీద నుంచీ చూడవచ్చు. అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో ఉత్తరాన సెఫియస్ రాశిని వెతికి, పక్కనే ఉన్న జీటా, ఎప్సిలాన్ తారలతో పోల్చుకుంటూ ఓ వారం రోజులు గమనిస్తే తేడా కంటికే తెలుస్తుంది. పరికరాలేవీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

అసలు కథ నడిచింది అమెరికాలో, హార్వర్డ్ అబ్జర్వేటరీలో. అక్కడి డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్ ఆకాశాన్నంతా ఫొటో తీయించాలని పూనుకున్నాడు. దక్షిణాకాశం కోసం పెరూ దేశంలోని అరెకిపాలో ఒక కేంద్రం పెట్టి, 24 అంగుళాల బ్రూస్ టెలిస్కోపును అక్కడికి పంపాడు. అక్కడ గంటల తరబడి వెలుగు పట్టిన గాజు ప్లేట్లు ఓడల్లో బోస్టన్ చేరేవి. ఆ ప్లేట్లను పరీక్షించే పని ఆడవాళ్ళది. వాళ్ళను 'కంప్యూటర్లు' అనేవారు, ఎందుకంటే లెక్కలు కట్టేది వాళ్ళే. గంటకు 25 సెంట్లు కూలి. టెలిస్కోపు పట్టే అవకాశం దాదాపు లేదు.

వాళ్ళలో ఒకరు హెన్రియెట్టా స్వాన్ లెవిట్. 1868లో మసాచుసెట్స్‌లో పుట్టింది. కాలేజీ చదువు ముగించి, మొదట జీతం లేకుండానే అబ్జర్వేటరీలో చేరింది. మధ్యలో కొన్నేళ్ళు దూరమై తిరిగి వచ్చినప్పుడు పికరింగ్ ఆమెకు గంటకు 30 సెంట్లు ఇచ్చాడు. అంటే ఆమె పనితనం అతనికి తెలుసు. ఆ ఎక్కువ ఐదు సెంట్లు మెచ్చుకోలు అనుకోవాలో, ఆ మెచ్చుకోలుకు కట్టిన వెల అంతే అనుకోవాలో పాఠకుల ఇష్టం. ఆమెకు కూడా వినికిడి క్రమంగా తగ్గిపోయింది.

ఆమె చేసిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చరిత్ర పుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. గాజు నెగెటివ్ మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లచుక్కలుగా ఉంటాయి. ఒక రాత్రి ప్లేటు నుంచి పాజిటివ్ తయారుచేస్తే నక్షత్రాలు తెల్లచుక్కలవుతాయి. దాని మీద మరో రాత్రి నెగెటివ్‌ను సరిగ్గా అమర్చి భూతద్దంతో చూడాలి. వెలుగు మారని నక్షత్రం దగ్గర నలుపు, తెలుపు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. మారినదాని చుట్టూ మాత్రం నల్లటి అంచో తెల్లటి అంచో మిగులుతుంది. అలా అనుమానం వచ్చిన ప్రతి చుక్క పరిమాణాన్నీ పదుల కొద్దీ ప్లేట్ల మీద అంచనా వేయాలి. ఇందుకు చిన్న పిడి ఉన్న గాజుముక్క ఒకటి వాడేవారు. దాని మీద తెలిసిన ప్రకాశాల నక్షత్రాలు చుక్కలుగా వరుసలో ఉంటాయి. చూడ్డానికి ఈగల్ని కొట్టే బద్దలా ఉంటుందని దానికి ఆ పేరే పెట్టుకున్నారు. ఇలా ఒక్కో నక్షత్రం పెరుగుదల, తరుగుదల గీసి, కాలం తేల్చాలి. దక్షిణాకాశంలో మేఘపు తునకల్లా కనిపించే రెండు నక్షత్ర సమూహాలు, పెద్ద, చిన్న మెగలానిక్ మేఘాలు. వాటిని తీసిన ఒక్కో ప్లేటు మీద చుక్కలు ఆవాలు ఒలకబోసినంత దట్టంగా ఉంటాయి.

ఆ మేఘాలు రెండూ ఆకాశపు దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉంటాయి కనక తెలుగు నేల మీది నుంచి దాదాపు కనిపించవు. 1908లో లెవిట్ వాటిలోని 1,777 చర తారల పట్టిక అచ్చువేసింది. అందులో చిన్న మేఘంలోని 16 తారలకు మాత్రం ఆవర్తన కాలాలు కట్టగలిగింది. ఎక్కువ ప్రకాశం ఉన్నవాటికి కాలం కూడా ఎక్కువని, ఇది గమనించదగ్గ సంగతని ఒక మాట రాసి ఊరుకుంది. నాలుగేళ్ళ తరవాత ఆ సంఖ్య 25కు పెరిగింది. వాటి కాలాలు ఒక రోజు పావు నుంచి 127 రోజుల దాకా ఉన్నాయి. కాలం లాగరిథమ్‌ను ఒక వైపు, ప్రకాశ తరగతిని (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) ఒక వైపు పెట్టి గీస్తే చుక్కలన్నీ ఒక సరళరేఖ మీదికి వచ్చి కూర్చున్నాయి. 1912 మార్చిలో వెలువడిన హార్వర్డ్ సర్క్యులర్ 173 ఇదే. కింద సంతకం పికరింగ్‌ది. ఇది మిస్ లెవిట్ తయారుచేసిన నివేదిక అని మొదటి వాక్యంలోనే రాశాడు, అంతవరకు న్యాయమే.

మేఘంలోని తారలకే ఈ నియమం ఎందుకు బయటపడింది? రాత్రి వేళ రేణిగుంట నుంచి తిరుమల కొండ మీది దీపాలను చూడండి. వాటిలో ఏ రెండింటి మధ్యా ఉండే దూరం, మనకూ కొండకూ మధ్య ఉన్న దూరం ముందు లెక్కలోకి రాదు. కాబట్టి ఒకటి ఎక్కువ వెలుగుతూ కనబడితే అది నిజంగానే పెద్ద దీపం. చిన్న మెగలానిక్ మేఘం అలాంటి కొండ. మన చుట్టుపక్కల చెల్లాచెదురుగా ఉన్న సెఫీడ్ల మధ్య ఈ సంబంధం ఎవరికీ కనిపించకపోవడానికి కారణం అదే. వాటిలో ఏది దగ్గరైనందువల్ల మెరుస్తోందో, ఏది నిజంగా పెద్దదో విడదీయడం సాధ్యం కాలేదు.

కాలం, వెలుగు ఇలా ముడిపడడం వెనక భౌతికశాస్త్రం తరవాతి దశాబ్దాల్లో తేలింది. సెఫీడ్ ఉబ్బి, కుంచించుకునే నక్షత్రం. 1914లో హార్లో షాప్లీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు (ఇతని కథ కాసేపట్లో వస్తుంది) ఆ మాట గట్టిగా అన్నాడు, ఆర్థర్ ఎడింగ్టన్ గణితం సమకూర్చాడు. దాన్ని ఆడిస్తున్నది లోపలి హీలియం పొర అని 1950లలో రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ జెవాకిన్ చూపాడు. నక్షత్రం కుంచించుకున్నప్పుడు ఆ పొర వేడెక్కి, హీలియం తన రెండో ఎలక్ట్రానును కూడా వదిలేస్తుంది. అప్పుడది వెలుగును పోనీయకుండా అడ్డుకుంటుంది. అడ్డుపడిన శక్తి పై పొరల్ని బయటికి నెడుతుంది. ఉబ్బాక చల్లబడి, అడ్డు తొలగి, వెలుగు బయటపడుతుంది, మళ్ళీ కుంచించుకుంటుంది. నక్షత్రం ఎంత పెద్దదైతే అంత పలచగా ఉంటుంది, ఒక ఊపు పూర్తవడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది. పెద్దది కాబట్టి వెలుగూ ఎక్కువే. సర్క్యులర్‌లోని గీత అదృష్టం కొద్దీ కుదిరింది కాదన్నమాట.

కానీ ఆ గీతతో దూరం చెప్పలేం. 10 రోజుల సెఫీడ్ కన్నా 30 రోజుల సెఫీడ్ ఎన్ని రెట్లు కాంతివంతమో గీత చెబుతుంది. 10 రోజుల సెఫీడ్ అసలు కాంతి ఎంతో చెప్పదు. గీతలన్నీ సమంగా ఉండి, సున్నా ఎక్కడో రాయని కొలబద్ద అది. ఒక్క సెఫీడ్ దూరమైనా వేరే దారిలో తెలిస్తే సున్నా దొరుకుతుంది. లెవిట్‌కు ఇది స్పష్టంగా తెలుసు. ఇలాంటి తారల్లో కొన్నింటికైనా కోణం పద్ధతిలో దూరం కొలుస్తారని ఆశిస్తున్నట్టు ఆ సర్క్యులర్‌లోనే రాసింది. అయితే మనకు అతి దగ్గరి సెఫీడ్ ధ్రువ నక్షత్రం, అదే 400 కాంతి సంవత్సరాల పైమాట. అప్పటి పరికరాలకు అది అందని దూరం. ఆమెను ఆ పని వెంట వెళ్ళనీయలేదు కూడా. పికరింగ్‌కు నక్షత్రాల ప్రకాశానికి ప్రామాణిక పట్టిక కావలసి వచ్చింది, ఆమెను అందులో పెట్టాడు. అది అవసరమైన పనే, కాదనలేం. కానీ తను గీసిన గీత ఎంతదూరం పోతుందో చూసే పని వేరేవాళ్ళ చేతికి పోయింది.

మొదట దాన్ని అందుకున్నవాడు డెన్మార్క్ దేశస్థుడు ఐనార్ హెర్ట్‌స్‌ప్రుంగ్. సూర్యుడు కూడా అంతరిక్షంలో కదులుతున్నాడు కనక, ఏళ్ళు గడిచేకొద్దీ దగ్గరి తారలు వెనక్కి జరిగినట్టు కనిపిస్తాయి. విడివిడిగా ఒక్కో తార గురించి ఇది నమ్మకంగా ఏమీ చెప్పదు. ఒక గుంపు మొత్తానికి సగటు తీస్తే ఎంతో కొంత చెబుతుంది. 13 దగ్గరి సెఫీడ్ల మీద ఈ లెక్క వేసి, 1913లో చిన్న మేఘం దూరం అచ్చువేశాడు: 3,000 కాంతి సంవత్సరాలు. అతని సొంత అంకెల ప్రకారమే అది 30,000 కావాలి. ఎక్కడో ఒక సున్నా జారిపోయింది. సున్నా చేర్చినా చాలదు, ఇప్పుడు మనకు తెలిసిన దూరం సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాలు. అయినా ఆ వ్యాసాన్ని తీసిపారేయడానికి లేదు. సెఫీడ్లతో కొలత వేయవచ్చని చేసి చూపించిన మొదటి కాగితం అది.

తరవాత వచ్చినవాడు హార్లో షాప్లీ. మిస్సోరీ పల్లెటూరివాడు, కొన్నాళ్ళు పత్రికా విలేఖరిగా పనిచేసి ఖగోళంలోకి వచ్చినవాడు. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్‌లో 60 అంగుళాల టెలిస్కోపుతో గోళాకార తారాగుచ్ఛాలను పట్టుకున్నాడు. హెర్ట్‌స్‌ప్రుంగ్ 13 సెఫీడ్లలో రెండింటిని పక్కనపెట్టి, మిగతా 11తో సున్నాను మళ్ళీ నిర్ణయించాడు. గుచ్ఛాల్లోని సెఫీడ్లను ఆ కొలబద్దతో కొలిచాడు. వాటి పక్కనే ఉన్న, ఒక రోజు లోపే ఆవృత్తి పూర్తిచేసే ఆర్ఆర్ లైరే తారలను కూడా అదే కొలబద్దకు కట్టాడు. 1918కల్లా ఫలితం వచ్చింది. పాలపుంత అడ్డకొలత 3 లక్షల కాంతి సంవత్సరాలట. దాని నడిబొడ్డు ధనూరాశి వైపు ఎక్కడో ఉంది, సూర్యుడు ఓ మూలన పడి ఉన్నాడు. అడ్డకొలత చాలా ఎక్కువ పడిందిగానీ, సూర్యుడు కేంద్రంలో లేడన్న మాట నిలిచింది. కోపర్నికస్ భూమిని కదిపితే షాప్లీ సూర్యుణ్ణి కదిపాడు.

ఆ కొలబద్దలో రెండు తప్పులు దాగి ఉన్నాయి. నక్షత్రాల మధ్య ధూళి ఉంది. మన దగ్గరి సెఫీడ్లు పాలపుంత పళ్ళెంలోనే, ధూళి మధ్యే ఉంటాయి కనక అవి ఉన్నదానికన్నా మసకగా కనిపిస్తాయి. అంతరిక్షం నిర్మలంగా ఉందనుకుని షాప్లీ ఈ మసకను లెక్కలోకి తీసుకోలేదు. ముఖ్యంగా ఇందువల్ల, కొంత కదలికల కొలతలు కచ్చితంగా లేకపోవడం వల్ల, పళ్ళెంలోని ఈ సెఫీడ్ల వెలుగు ఉన్నదాంట్లో నాలుగో వంతేనని అతని లెక్కలో తేలింది. ఇది మొదటి తప్పు. రెండోది, గుచ్ఛాల్లోని సెఫీడ్లు, పళ్ళెంలోని సెఫీడ్లు ఒకటే జాతి అనుకోవడం. అవి రెండు జాతులు. ఒకే ఆవర్తన కాలానికి గుచ్ఛాల్లోని ముసలి తారలు పళ్ళెంలోని వాటిలో నాలుగో వంతు మాత్రమే వెలుగునిస్తాయి. విచిత్రం చూడండి. మొదటి తప్పు పళ్ళెం సెఫీడ్లను సరిగ్గా గుచ్ఛపు సెఫీడ్ల మట్టానికి దించింది. రెండూ ఒకే గీత మీద అందంగా కలిసిపోయాయి. ఒక తప్పు ఇంకో తప్పుకు సాక్ష్యం పలికింది. ఇలాంటి పొరపాటు ఒంటరి పొరపాటు కన్నా మొండిది, ఎందుకంటే ఎటునుంచి తనిఖీ చేసినా సరిపోయినట్టే కనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళు అలాగే కనిపించింది.

ఆండ్రొమెడా లాంటి మసక మచ్చలు పాలపుంతలోనివా, బయటివా అన్న తగవు గురించి ఎక్కువ చెప్పను. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో షాప్లీ, హీబర్ కర్టిస్ ఒకే వేదికెక్కి మాట్లాడిన సభను 'మహా వాదం' అంటారుగానీ ఆ రాత్రి ఏదీ తేలలేదు. కర్టిస్ దృష్టిలో మచ్చలు వేరే గెలాక్సీలు. షాప్లీ దృష్టిలో అంతా పాలపుంతలోనిదే. తన మిత్రుడు వాన్ మానెన్ ఈ సుడి మచ్చలు తిరగడాన్ని ఫొటోల్లో కొలిచానన్నాడు, అవి దూరంగా ఉంటే అంత తిరుగుడు కంటికి ఆనదు, ఇదీ షాప్లీ ధీమా. ఆ కొలత తప్పని తరవాత తేలింది.

మిల్టన్ హ్యూమసన్ ముసలితనంలో చెప్పిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పుకోవాలి. అతను కంచర గాడిదల మీద మౌంట్ విల్సన్ కొండపైకి సామాను చేరవేసినవాడు, ఆ పైన అబ్జర్వేటరీలో ఊడ్చి తుడిచే పనికి కుదిరి, చివరికి ఖగోళ శాస్త్రజ్ఞుడైనవాడు. షాప్లీ అడగ్గా ఆండ్రొమెడా ప్లేట్లు పోల్చి, వెలుగు మారినట్టున్న కొన్ని చుక్కలకు సిరాతో గుర్తులు పెట్టి తెచ్చాడట. అవి సెఫీడ్లు అయ్యే వీల్లేదని షాప్లీ వివరించి, జేబురుమాలు తీసి గుర్తులు తుడిచేశాడట. దీనికి కాగితం మీద రుజువేమీ లేదు. చెప్పినవాడు కోతలు కోసే మనిషి కాడు కాబట్టి నేను సగానికి పైగానే నమ్ముతాను.

1923 అక్టోబరు 5 రాత్రి ఎడ్విన్ హబుల్ అదే కొండ మీద 100 అంగుళాల హుకర్ టెలిస్కోపుతో ఆండ్రొమెడా ఫొటో తీశాడు. ప్లేటు మీద మూడు కొత్త చుక్కలు కనబడితే ఉన్నట్టుండి మెరిసే నోవా తారలనుకుని 'ఎన్' అని గుర్తు పెట్టాడు. పాత ప్లేట్లు తిరగేస్తే వాటిలో ఒకటి అంతకుముందూ ఉన్నదే. పెరుగుతోంది, తగ్గుతోంది. 'ఎన్' కొట్టేసి, చర తార అని సూచిస్తూ 'వీఏఆర్' అని పెద్దక్షరాల్లో రాసి పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు. ఆ గాజు ప్లేటు ఇప్పటికీ ఉంది. ఆ తార ఆవర్తన కాలం 31.4 రోజులు. బాగా వెలిగినప్పుడే 18వ తరగతి, అంటే మామూలు కంటికి ఆఖరుగా ఆనే నక్షత్రం కన్నా 60 వేల రెట్ల పైచిలుకు మసక. షాప్లీ కొలబద్ద ప్రకారం అంత కాలం ఉన్న సెఫీడ్ సూర్యుడికి సుమారు 7,000 రెట్లు వెలగాలి. ఆ రెంటినీ కలిపితే దూరం 9 లక్షల కాంతి సంవత్సరాలు తేలింది. షాప్లీ చెప్పిన అతి పెద్ద పాలపుంతలో కూడా అది ఇమడదు.

1924 ఫిబ్రవరిలో హబుల్ ఈ సంగతి షాప్లీకే ఉత్తరం రాశాడు. షాప్లీ అప్పటికి హార్వర్డ్ డైరెక్టరు. ఆ సమయంలో గదిలో ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞురాలు సెసీలియా పేన్ తరవాత గుర్తు చేసుకున్న ప్రకారం, తన విశ్వాన్ని కూల్చిన ఉత్తరం ఇదేనంటూ ఆయన దాన్ని ఆమెకు చూపించాడు. ఆయన కొలబద్దతోనే ఆయనను ఓడించారు. 1925 జనవరి 1న వాషింగ్టన్ సభలో హబుల్ వ్యాసాన్ని హెన్రీ నోరిస్ రసెల్ చదివాడు, దాంతో తగవు ముగిసింది.

లెవిట్ అప్పటికి మూడేళ్ళ కిందటే, 1921 డిసెంబరు 12న, కేన్సర్‌తో పోయింది. 1925లో స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఆమెను నోబెల్ బహుమతికి ప్రతిపాదించాలనుకుని ఆమె పేరిటే ఉత్తరం రాశాడు. జవాబు షాప్లీ రాయాల్సి వచ్చింది. ఆమె బతికి ఉన్నా బహుమతి వచ్చేదని నేననుకోను. ఖగోళానికి ఆ బహుమతి ఇచ్చే అలవాటు అప్పట్లో లేదు.

1929లో హబుల్ ఇంకో అడుగు వేశాడు. గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా వెనక్కిపోతోందన్నాడు. అతని అంకెల్లో ఆ వేగం ప్రతి మెగాపార్సెక్‌కు, అంటే సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, సెకనుకు 500 కిలోమీటర్ల చొప్పున పెరుగుతోంది. లెక్కను వెనక్కి తిప్పితే విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్ళు. అదే సమయంలో రాళ్ళలోని యురేనియం, సీసం కొలుస్తున్న భూగర్భ శాస్త్రజ్ఞులు వేరే అంకె చెబుతున్నారు. 1946లో ఆర్థర్ హోమ్స్ భూమి వయసు 300 కోట్ల ఏళ్ళని తేల్చాడు. తల్లికన్నా బిడ్డ పెద్దదయింది. ఇంకా చిన్న చిన్న అనుమానాలున్నాయి. ఆండ్రొమెడాలోని గోళాకార గుచ్ఛాలు మన గుచ్ఛాలకన్నా మసకగా తేలుతున్నాయి. కొలిచిన గెలాక్సీలన్నిటిలో మనదే పెద్దదిగా కనిపిస్తోంది. ఎవరికి వారు ఏదో సర్దుబాటు చెప్పుకున్నారు. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ ధూళి సంగతి రుజువు చేశాక కూడా సెఫీడ్ల సున్నా జోలికి గట్టిగా ఎవరూ పోలేదు. పోకపోవడానికి కారణం పైన చెప్పిందే, గీత మీద చుక్కలు చక్కగా కలిసిపోయి ఉన్నాయి కదా.

ఆ జోలికి పోయినవాడు వాల్టర్ బాడె. జర్మనీ నుంచి 1931లో మౌంట్ విల్సన్ వచ్చాడు. అమెరికా పౌరసత్వం కోసం మొదలుపెట్టిన కాగితాలు ఇల్లు మారేటప్పుడు పోగొట్టుకుని, మళ్ళీ పట్టించుకోలేదు. యుద్ధం వచ్చేసరికి శత్రుదేశపు మనిషయ్యాడు. హబుల్‌తో సహా సహోద్యోగులు యుద్ధ పనులకు వెళ్ళారు, బాడెను ఎవరూ పిలవలేదు. రాత్రిపూట ఇల్లు కదలకూడదన్న ఆంక్ష మాత్రం వర్తించింది. ఖగోళ శాస్త్రజ్ఞుడికి రాత్రి బయటికి రావద్దంటే ఎలా? అబ్జర్వేటరీ వాళ్ళు అధికారులతో మాట్లాడి అనుమతి తెచ్చారు. అలా ప్రపంచంలోని అతి పెద్ద టెలిస్కోపు దాదాపు అతని ఒక్కడి చేతికి వచ్చింది. పైగా శత్రు దాడుల భయంతో కింద లాస్ ఏంజెలెస్ దీపాలు తగ్గించారు.

ఆండ్రొమెడా గెలాక్సీ అంచుల్లో నక్షత్రాలు విడివిడిగా కనిపించేవి, నడిమధ్య మాత్రం ఎప్పుడూ పాలనురుగులా కలిసిపోయి ఉండేది. 1943లో బాడె ఎరుపు రంగును పట్టే ప్లేట్లు వాడాడు. అద్దం ఉష్ణోగ్రత నిలకడగా ఉన్న రాత్రులు, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రులు ఏరుకుని గంటల కొద్దీ ఎక్స్‌పోజరు ఇచ్చాడు. నడిమధ్య భాగం, దాని తోడు గెలాక్సీలు రెండూ వేల ఎర్ర చుక్కలుగా విడిపోయాయి. 1944లో అచ్చైన ఆ పనిలో బాడె ఇంకొకటి గమనించాడు. ఈ ఎర్ర తారలు పళ్ళెంలోని నీలి తారల్లాంటివి కావు, మన గోళాకార గుచ్ఛాల్లోని వాటి లాంటివి. అంటే గెలాక్సీల్లో రెండు తరాల జనాభా ఉంది. అలాంటప్పుడు సెఫీడ్లు మాత్రం ఒకటే జాతి ఎందుకవ్వాలి?

జవాబు పాలోమర్‌లో దొరికింది. 1948లో ప్రారంభమైన అక్కడి 200 అంగుళాల టెలిస్కోపు అందుబాటులోకి రాగానే బాడె ఆండ్రొమెడాలో ఆర్ఆర్ లైరే తారల కోసం వెతికాడు. పాత దూరం నిజమైతే అవి 22.4 తరగతి దగ్గర, ఆ టెలిస్కోపుకు అందే అంచున, కనబడి తీరాలి. ఒక్కటీ కనబడలేదు. ఆ అంచున కనబడినవి ముసలి తరంలోని అతి కాంతివంతమైన ఎర్ర తారలు. మన గుచ్ఛాల్లో ఆ ఎర్ర తారలకూ ఆర్ఆర్ లైరేలకూ మధ్య తేడా ఒకటిన్నర తరగతి. కాబట్టి ఆర్ఆర్ లైరేలు ఇంకో ఒకటిన్నర తరగతి కిందికి పోవాలి. ఒకటిన్నర తరగతి అంటే వెలుగులో నాలుగు రెట్లు, వెలుగులో నాలుగు రెట్లంటే దూరంలో రెండు రెట్లు. ఆండ్రొమెడా అందరూ అనుకున్నదానికి రెట్టింపు దూరంలో ఉంది. కనబడని తారలతో వేసిన కొలత ఇది. ఉన్నవాటిని చూసి లెక్కవేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, లేనిదాన్ని ఇంత ధైర్యంగా నమ్మినవాళ్ళు తక్కువ.

1952 సెప్టెంబరులో రోములో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశంలో బాడె ఇది ప్రకటించాడు. ఆ విభాగపు చర్చలు రాసుకునే పని ఆ రోజు ఫ్రెడ్ హాయిల్‌ది. బాడె ముగించగానే దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నుంచి వచ్చిన డేవిడ్ థాకరీ లేచాడు. తానూ, సహచరుడు వెసెలింకూ చిన్న మెగలానిక్ మేఘంలోని ఒక గుచ్ఛంలో ఆర్ఆర్ లైరే తారల్ని కనిపెట్టామని, అవి పాత కొలబద్ద చెప్పినట్టు 17.5 దగ్గర కాకుండా 19వ తరగతి దగ్గర ఉన్నాయని చెప్పాడు. మళ్ళీ అదే ఒకటిన్నర. లెవిట్ గీతకు తప్పు సున్నా పెట్టారని ఆమె చూసిన మేఘమే చెప్పినట్టయింది. ఆ గీత వాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పాలపుంత లోపలి దూరాలు దీనివల్ల మారలేదని గమనించాలి. షాప్లీ గుచ్ఛాల కొలతకు రెండు తప్పులూ కలిసి రక్ష పెట్టాయి. పాలపుంత బయటివన్నీ ఒక్కసారిగా రెట్టింపు దూరానికి జరిగాయి, వాటితో పాటు విశ్వం వయసూ దాదాపు రెట్టింపై 360 కోట్ల ఏళ్ళ దాకా వెళ్ళింది. భూమి పెద్దదన్న అపవాదు అప్పటికి తప్పింది. మన గెలాక్సీ అన్నిటికన్నా పెద్దదన్న భ్రమ కూడా పోయింది. ఆండ్రొమెడా దూరం ఈనాటి లెక్కల్లో 25 లక్షల కాంతి సంవత్సరాలు.

ఆ రోజుల్లో హార్వర్డ్, మౌంట్ విల్సన్ శిబిరాలు రెండింటినీ దగ్గరగా చూసిన మనవాడొకడున్నాడు. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీ విద్యార్థి వేణు బాపు. 1949లో హార్వర్డ్ వెళ్ళి, షాప్లీ డైరెక్టరుగా ఉండగా అక్కడ చదివాడు. వెళ్ళిన ఏడాదే ఒక తోకచుక్కను కనిపెట్టిన ముగ్గురిలో ఒకడయ్యాడు. 1952లో డాక్టరేట్ ముగించి, కార్నెగీ ఫెలోగా మౌంట్ విల్సన్, పాలోమర్‌లకు చేరాడు. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో అచ్చువేసిన పని కూడా ఇలాంటిదే, నక్షత్రం వర్ణపటంలో కాల్షియం గీత వెడల్పు చూసి అసలు వెలుగు చెప్పే పద్ధతి. దానికి విల్సన్-బాపు ప్రభావమని పేరు. ఆ కథ ఈ ధారావాహికలో విడిగా వస్తుంది.

హబుల్ 1953 సెప్టెంబరులో చనిపోయాడు. అతని దగ్గర సహాయకుడిగా పనిచేసి, బాడె దగ్గర డాక్టరేట్ చేసిన అలన్ శాండేజ్ ఆ ప్లేట్లన్నిటికీ వారసుడయ్యాడు. హబుల్ దూరపు గెలాక్సీల్లో అతి కాంతివంతమైన నక్షత్రాలనుకుని కొలిచినవి చాలావరకు నక్షత్రాలే కావని, మెరిసే వాయుమేఘాలని 200 అంగుళాల టెలిస్కోపు చూపించింది. 1958లో శాండేజ్ హబుల్ 500ను 75కు దించాడు. అక్కడితో ఆగి ఉంటే ఈనాటి విలువకు బాగా దగ్గరగా ఉండేవాడు. ఆగలేదు, ఇంకా దించుకుంటూ 50 దాకా పోయాడు. టెక్సస్‌లో జెరార్డ్ ద వోకులూర్ దాదాపు 100 అని పట్టుబట్టాడు. పాతికేళ్ళు నడిచిన ఆ తగవు వచ్చే సంచికలో.